చిటికెన వేలు పట్టుకున్న రాజకుమారుడు

అనగనగా కౌగిలిపురమని ఒక రాజ్యం, దానికో రాజు. ఊఁ కొట్టండర్రా! ఆ రాజ్యంలో ఎవరెదురైనా గట్టిగా కావలించుకోవాలి, అదీ ఆచారం. పాలమ్మేవాడైనా అంతే, మంత్రిగారైనా అంతే. రాజుకు ముగ్గురు కొడుకులు, వాళ్ళ వెనక ఒక్కతే కూతురు, సువర్ణరేఖ. పుట్టినరోజున ఊరంతా వరసకట్టి ఆ పిల్లను కావలించుకుంది. పాపం, ఊపిరాడక తోటలోకి పారిపోయి ఏడుస్తుంటే జటాముఖుడనే మాంత్రికుడు వచ్చాడు.

"నా కోటకు రా తల్లీ. అక్కడ నిన్నెవరూ ముట్టుకోరు" అన్నాడు.

పిల్ల నమ్మి వెళ్ళింది. ఏడు సముద్రాల అవతల కోటలో పెట్టి తాళం వేశాడు, దొంగసచ్చినోడు!

పెద్దవాడు వెతకబోయాడు, రాలేదు. రెండోవాడు వెళ్ళాడు, వాడూ రాలేదు. మూడోవాడు చిత్రబాహుడు బయల్దేరాడు. దారంతా వాడికి ఒకటే అయోమయం. 'అంత ముద్దు చేశాం కదా, ఎందుకెళ్ళిపోయింది?'

అడవిలో ముళ్ళపంది కనబడితే అలవాటు కొద్దీ కావలించుకున్నాడు. అబ్బా! ఒళ్ళంతా ముళ్ళే.

"అడిగితే ముళ్ళు దించేదాన్ని కదయ్యా" అంది అది.

"అడగడమా? కావలించుకోడానికా?" వాడికి బుర్ర తిరిగిపోయింది.

సముద్రం ఒడ్డున తాబేలు కనబడింది. ఈసారి బుద్ధిగా అడిగాడు. "వద్దు" అని తల లోపలికి లాక్కుంది.

"అడిగాను కదా! ఇంకా వద్దంటావేం?"

"అడిగావు గనకే చెప్పాను. వీపెక్కు, దాటిస్తాను. మెడ మాత్రం పట్టుకోకు."

అర్థమైనట్టే ఉంది, కానట్టే ఉంది. మెడ ముట్టుకోకుండా ఏడు సముద్రాలూ దాటాడు.

కోట వాకిట్లో అన్నలిద్దరూ చేతులు చాచిన రాతిబొమ్మలై ఉన్నారు. పక్కనే పంజరంలో చిలక.

"మాంత్రికుడి ప్రాణం నాలో ఉంది. నేనీ గడప దాటితే వాడు బూడిదే. మీ అన్నలు అడక్కుండా నా మీద చెయ్యేసి రాళ్ళయ్యారు" అంది చిలక.

"మరి నేను ఎత్తుకోనా?"

"వద్దు."

లోపల్నుంచి మాంత్రికుడి అడుగుల చప్పుడు! చిలకను పంజరంలోనే వదిలేస్తే చెల్లెలు దక్కదు. పట్టుకుంటే తానూ రాయే. ఏం చెయ్యాలో తోచక వాడికి ఏడుపొచ్చింది. చివరికి పంజరం తలుపు తీసి, చేతులు వెనక్కి కట్టుకున్నాడు.

"సరే, ముట్టుకోను. నీకు వెళ్ళాలనిపిస్తే వెళ్ళు."

"ఇన్నాళ్ళకు నా మాట విన్నవాడొకడు దొరికాడు!" అంటూ చిలక గడప దాటి ఎగిరిపోయింది. మాంత్రికుడు బూడిదై రాలాడు. తాళాలు ఊడాయి, అన్నలు లేచారు.

సువర్ణరేఖ బయటికి రాగానే అన్నలిద్దరూ చేతులు చాచుకుని మళ్ళీ పరిగెత్తారు. బుద్ధి రాలేదు చూశారా! చిత్రబాహుడు వాళ్ళకు అడ్డం నిలబడ్డాడు.

"దగ్గరికి రానా తల్లీ?"

"వద్దన్నయ్యా."

గుండె కలుక్కుమంది. ఏడు సముద్రాలు దాటొస్తే ఇదా! అయినా "సరే" అని దూరంగా కూర్చున్నాడు. కాసేపటికి చెల్లెలే వచ్చి చిటికెన వేలు చాచింది.

"ఇది పట్టుకో. ఇంతే."

అంతే పట్టుకుని ఇంటికి తీసుకొచ్చాడు.

తర్వాత చిత్రబాహుడికి పెళ్ళయింది. చెయ్యి పట్టుకోమని పురోహితుడు తొందరపెడుతున్నా, పెళ్ళికూతురు "ఊఁ" అనేదాకా ఆగాడు. వందేళ్ళు రాజ్యమేలాడు. అయితే పట్టాభిషేకం నాడు ఒకటి జరిగింది. సువర్ణరేఖ వచ్చి ఎదురుగా నిలబడి, "అన్నయ్యా, కావలించుకోనా?" అంది.

తనను అలా ఎవరూ ఎప్పుడూ అడగలేదని వాడికి అప్పుడు తెలిసింది. తలూపాడు.