వెనక కార్బురేటర్

పెంచలయ్యకి మూడు రోజులుగా తిండి సయించడం లేదు. కారణం ఒక పెట్రోలు చుక్క.

కోవూరు శేషారెడ్డి గారి నాయన కొన్న కారు అది. ఇంగ్లీషు దొరల కాలం నాటిది. మనవరాలి పెళ్ళి ఊరేగింపు అందులోనే జరగాలని రెడ్డిగారి పట్టుదల. ఆ ఇంజనుకి ఒకటి కాదు, రెండు కార్బురేటర్లు. ముందుది బుద్ధిగా ఉంది. వెనకదానికి మాత్రం అడుగున పెట్రోలు నిలిచే గిన్నె ఉంటుంది చూడండి, అక్కడ చెమ్మ ఊరి, చుక్క కట్టి, కింద పడుతోంది. కింద ఏముందయ్యా అంటే పొగ గొట్టం. ఇంజను పది నిమిషాలు తిరిగితే అది నిప్పు కిందే లెక్క.

ఆ కారు రిపేరుకొచ్చిన షెడ్డు పక్కనే నాది బ్యాటరీల కొట్టు. నెల్లూరులో మస్తానయ్య మేస్త్రి పేరు తెలియని పాతకారు లేదు. ఆయన షెడ్డులో పెంచలయ్య పదకొండేళ్ళుగా పనిచేస్తున్నాడు. ముప్పై ఆరేళ్ళవాడు, ఇద్దరు పిల్లల తండ్రి. మంచి పనివాడే. కానీ ఎవరొచ్చినా మస్తానయ్య అతన్ని "మావాడు" అంటాడే గానీ మేస్త్రి అనడు. అదే అతనికి కడుపులో మంట. ఎన్నిసార్లు నా దగ్గర వెళ్ళగక్కాడో లెక్కలేదు. "ఈ కారు ఒక్కటి నా చేతి మీదుగా పోనీ అన్నా, అప్పుడు చూద్దాం ఏమంటాడో" అన్నాడు మొన్న.

మస్తానయ్య చెల్లెలికి ఒంట్లో బాగాలేదని కావలి పోయాడు. పెంచలయ్యకి అవకాశం దొరికింది. గిన్నె అంచున వేసే ప్యాకింగ్ మార్చాడు, చుక్క ఆగలేదు. మళ్ళీ మార్చాడు, ఆగలేదు. పంతం పట్టి గిన్నె బోల్టుని ఇంకో చుట్టు బిగించాడు. టిక్కుమంది. నా కొట్లోకి వినపడింది. గిన్నె అంచున వెంట్రుకంత చీలిక.

అలాంటి గిన్నె చెన్నై నుంచి రావాలంటే వారం. పెళ్ళి ఆ సాయంత్రమే.

అప్పుడు అతనేం చేశాడో నేను కళ్ళారా చూశాను. కుళాయి దగ్గరి బట్టల సబ్బు బొటనవేలి గోటితో గీకి, ఆ చీలికలో అదిమి, పైన మసిగుడ్డతో తుడిచాడు. చుక్క ఆగింది. సబ్బుని పెట్రోలు కరిగించలేదు, పాతకాలం పనివాళ్ళందరికీ తెలిసిన కిటుకే ఇది. రెడ్డిగారికి ఫోను చేసి, "అయ్యా, బండి రెడీ, పదింటికి రండి" అన్నాడు. నేను నోరు మూసుకున్నాను. మనకెందుకులే అనుకున్నాను. సిగ్గు లేకుండా చెబుతున్నా, అదే అనుకున్నాను.

తొమ్మిదిన్నరకి కావలి బస్సు దిగి మస్తానయ్య నేరుగా షెడ్డుకొచ్చాడు. చేతిసంచి మేకుకి తగిలించాడు.

"అయిందా?"

"అయింది మేస్త్రీ. చుక్క కారితే ఒట్టు."

"ఏదీ, స్టార్ట్ చెయ్."

ఇంజను మొదలైంది. ఎంత హాయిగా ఉంది ఆ చప్పుడు. మస్తానయ్య బానెట్ ఎత్తి వంగి చూశాడు. వెనక కార్బురేటర్ అడుగున చూపుడువేలు పెట్టి, ఆ వేలు ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. అలా చాలాసేపు ఇంజను తిరగనిచ్చాడు.

తర్వాత నా వైపు తిరిగి, "ఒక బీడీ ఇయ్యబ్బా, అగ్గిపెట్టె కూడా" అన్నాడు.

నేను సరిగ్గా విన్నానా అనిపించింది. ఆ షెడ్డులో బీడీ అన్న మాటే నిషిద్ధం. నన్నే ఎన్నిసార్లు రోడ్డు మీదికి తరిమాడో. పైగా ఆయనకి అసలు అలవాటే లేదు. ఏ దయ్యం పట్టిందో, ఆ కారు సంగతి తెలిసి కూడా, రెండూ తీసిచ్చాను. పెద్దాయన అడిగితే కాదనే అలవాటు లేదు మరి.

బీడీ నోట్లో పెట్టుకున్నాడు. అగ్గిపెట్టె పెంచలయ్య చేతిలో పెట్టాడు. బానెట్ కిందికి తల దూర్చి, రెండు చేతులూ రెండు కార్బురేటర్ల మీద పెట్టాడు.

"నా చేతులు ఖాళీ లేవు. వెలిగించు."

పెంచలయ్య ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"మేస్త్రీ, ఇక్కడా?"

"ఏం? చుక్క కారదన్నావుగా."

"బయటికి రండి మేస్త్రీ."

"సాయంత్రం ఇందులో కూర్చునే పిల్ల బయటికొస్తుందా? వెలిగించరా."

పెంచలయ్య పెట్టె తెరిచాడు. పుల్ల తీశాడు. మస్తానయ్య తల తీయలేదు. బీడీ కొన పెంచలయ్య వైపుకి తిప్పాడంతే.

పెంచలయ్య అగ్గిపెట్టెని విసిరికొట్టాడు. అది రోడ్డు దాటి కాలవలో పడింది. ఒక్క ఉదుటున పోయి తాళం తిప్పి ఇంజను ఆపేశాడు. అక్కడే తలుపు పట్టుకుని కూలబడ్డాడు.

"పగలగొట్టాను మేస్త్రీ. సబ్బు పెట్టాను."

మస్తానయ్య నిదానంగా నడుం ఎత్తాడు. బీడీ నాకు తిరిగిచ్చేశాడు. నా ముఖంలోకి ఒక చూపు చూశాడు.

"సబ్బు షెడ్డుకి వచ్చే బండికి రా. షెడ్డు నుంచి పోయే బండికి కాదు" అన్నాడు.

ఇంతలో రెడ్డిగారు దిగారు. వెంట బంతిపూల దండలతో ఇద్దరు మనుషులు. మస్తానయ్య ఏదో ఒకటి చెప్పి నెట్టుకొస్తాడని చూశాను. ఆయన స్టూలు లాక్కుని కూర్చుని, మసిగుడ్డతో చేతులు తుడుచుకోవడం మొదలుపెట్టాడు. పెంచలయ్య ఆయన వైపు చూశాడు. ఆయన తల ఎత్తలేదు.

పెంచలయ్య లేచి ఎదురుగా వెళ్ళాడు.

"కారు రాదయ్యా."

"రాదా? గంట కింద రెడీ అన్నావు."

"అబద్ధం చెప్పాను. కార్బురేటర్ గిన్నె నా చేతిలోనే పగిలింది. సబ్బు పెట్టి మూశాను. వేడికి అది ఊడితే దారిలో అంటుకోవచ్చు."

దండలు పట్టుకున్న మనుషులు రెండడుగులు వెనక్కి వేశారు.

"ఊరంతా చెప్పుకున్నాను కదయ్యా, మా నాయన కారులో పిల్లని పంపుతానని. ఇప్పుడు ఏ ముఖం పెట్టుకుని పోవాలి?"

పెంచలయ్య తల వంచుకున్నాడు. కళ్ళనీళ్ళు తుడుచుకోలేదు కూడా. ఇక ఇతని పని అయిపోయిందనే అనుకున్నాను నేను. పదకొండేళ్ళ కష్టం ఒక్క పూటలో మట్టికొట్టుకుపోయింది.

రెడ్డిగారు అతన్ని దాటుకుని షెడ్డులోకి వచ్చారు. "మస్తానయ్యా, వాడి సంగతి వదిలెయ్. నువ్వు చెప్పు. మండపం నుంచి ఇంటిదాకా, రెండు మైళ్ళు. నిదానంగా తీసుకుపోతాం. నువ్వు ఊ అంటే చాలు."

మస్తానయ్య స్టూలు మీది నుంచి లేచాడు. మసిగుడ్డ భుజాన వేసుకున్నాడు.

"నన్ను అడిగితే ఎట్టా రెడ్డిగారూ? మేస్త్రి ఆయన. ఆయన రాదంటే రాదు."