పెరట్లో టింబరు

సోమసుందరానికి నెల రోజులుగా నిద్ర సరిగా పట్టడం లేదు. ఒక ఇంగ్లీషు మాట తనని పడుకోనివ్వడం లేదని ఆయన అనుకున్నాడు.

ఆయన రాజమండ్రిలో కాలేజీ లెక్చరరు. ఇంగ్లీషు మాటలు ఎక్కడ పుట్టాయో, ఎన్ని అర్థాలు మార్చుకుంటూ మన దాకా వచ్చాయో తెలుగువాళ్ళకి చెప్పే పుస్తకం ఒకటి రాస్తున్నాడు. చాలా ఏళ్ళుగా రాస్తున్నాడు. ఇప్పుడు 'టింబరు' అనే మాట దగ్గర ఉన్నాడు.

ప్రతి ఆదివారం పడవెక్కి గోదావరి మధ్య లంకలో ఉండే గవరయ్య దాసుగారి దగ్గరికి వెళ్ళడం ఆయనకి అలవాటు. దాసుగారు సంసారంలో ఉంటూనే బోధ చెప్పే అచల సంప్రదాయపు గురువు. కాషాయం లేదు, ఆశ్రమం లేదు. భార్య నూకాలమ్మగారు, ఒక తాటాకు ఇల్లు, దాని వెనక వంకాయ మడులు. వచ్చినవాళ్ళు అరుగు మీద కూచుంటారు. ఆయన ఎక్కువ మాట్లాడరు. మాటల మధ్యే బతికే సోమసుందరానికి అది మొదట్లో వింతగా ఉండేది. తరవాత్తరవాత అది లేకపోతే వారం గడిచేది కాదు.

ఆ ఆదివారం ఆయన వెళ్ళేసరికి దాసుగారు మడిలో కలుపు తీస్తున్నారు.

"రా సోమం. మొహం అలా ఉందేం?"

"టింబరు, గురువుగారూ."

"కొంటున్నావా, అమ్ముతున్నావా?"

"రెండూ కాదండి. ఆ మాట. దాని మూలం దొరికింది. దొరికిన దగ్గర్నించి నిద్ర లేదు."

దాసుగారు చేతులు కడుక్కుని వచ్చి అరుగు మీద కూచున్నారు. "చెప్పు మరి" అన్నారు, కథ వినబోయే పిల్లాడిలా.

సోమసుందరం చెప్పాడు. మొదట్లో టింబరు అంటే కలప కాదు. ఇల్లు. ఇంగ్లీషువాళ్ళ పాత భాషలో ఆ మాటకి కట్టిన ఇల్లు అనే అర్థం. కొన్నాళ్ళకి ఇల్లు కట్టడానికి వాడే సరుకు అని అర్థం మారింది. ఇంకా కొన్నాళ్ళకి, అలాంటి సరుకు ఇచ్చే చెట్టునే, అది ఇంకా అడవిలో పచ్చగా నిలబడి ఉండగానే, టింబరు అనడం మొదలుపెట్టారు. ఓడ పక్కటెముకల్లాంటి కర్రల్నీ అలాగే అన్నారు. జర్మనీవాళ్ళ దగ్గర మాత్రం అదే మాట కొంచెం వేషం మార్చుకుని ఈనాటికీ గదిగానే ఉండిపోయింది.

"చూశారా! మనం చెట్టు కొట్టి, కోయించి, ఇల్లు కడతాం. ఈ మాట ఇంట్లోంచి బయల్దేరి, కలపై, చెట్టై, అడవిలోకి వెళ్ళిపోయింది."

"ఇల్లు వదిలి అడవికెళ్ళిందన్న మాట" అన్నారు దాసుగారు. "సన్యాసం పుచ్చుకుంది."

సోమసుందరం నవ్వాడు. అసలు సంగతి ఇంకా చెప్పలేదు. గొంతు తగ్గించాడు.

"అన్నిటికన్నా వింత ఏమిటంటే, ఇది మనకీ చుట్టమే. వేదంలో 'దమ' అంటే ఇల్లు. ఆ ఇంటికి పెద్దలు దంపతులు. ఆ దమ, ఈ టింబరు ఒకే వేరు నించి వచ్చాయని పండితులు తేల్చారు. కలప అడితిలో బోర్డు మీద రాసే మాటా, పెళ్ళిపీటల మీద వినిపించే మాటా ఒక తల్లి పిల్లలు గురువుగారూ!"

చెప్పడం అయ్యాక ఆయన మొహం వెలిగిపోతోంది. తనంత లోతుకి వెళ్ళినవాడు ఈ జిల్లాలో ఇంకొకడు లేడని ఆయనకి లోపల తెలుసు.

అప్పుడే నూకాలమ్మగారు మజ్జిగ తెచ్చి ఇచ్చారు. "హైమమ్మ రాలేదేం బాబూ? ఈమధ్య అసలు కనపడ్డం లేదు."

హైమ ఆయన భార్య.

"ఊరెళ్ళిందండి. నిడదవోలు, వాళ్ళన్నయ్యగారింటికి."

"ఎప్పుడొస్తుంది?"

సోమసుందరం గ్లాసు ఎత్తి మజ్జిగ గడగడా తాగేశాడు.

దాసుగారు ఆయన్ని కాసేపు చూశారు. తరవాత మామూలుగా అడిగారు. "ఇంత చెప్పావు. నువ్వెప్పుడైనా టింబరు దగ్గరగా చూశావా?"

"మా పెరట్లోనే ఉందండి. పెళ్ళైన కొత్తలో కొన్నాం."

"అయితే రేపు సాయంత్రం వస్తాను. నేనూ చూస్తాను."

దాసుగారు లంక దాటి రావడం అరుదు. ఆ మాట విని సోమసుందరం పొంగిపోయాడు.

ఆ టింబరు సంగతి ఇది. ఆ రోజుల్లో భద్రాచలం అడవుల నించి తెప్పలు కట్టి గోదావరి మీద టేకు దుంగలు దించేవారు. రేవులో వేలం వేసేవారు. పెళ్ళైన కొత్తలో హైమ ఆయన్ని వెంటబెట్టుకుని వేలానికి వెళ్ళింది. ఒక్కో దుంగ మీదా వేళ్ళ కణుపులతో తట్టి, చెవి ఆనించి వింది. చుట్టూ ఉన్న మగవాళ్ళు నవ్వినా లెక్కచెయ్యలేదు. తనకి నచ్చినవే కొనిపించింది. దూలాలు, వాసాలు కోయించి అద్దింటి పెరట్లో పేర్పించింది. ఊరి చివర చిన్న స్థలం కూడా కొన్నారు.

ఇల్లు మాత్రం కట్టలేదు. ఆ ఏడు సోమసుందరం పుస్తకం మొదలైంది. 'ఎ' అక్షరం అవగానే కడదామన్నాడు. తరవాత, సగం అవగానే అన్నాడు. హైమ ఏటా వానలకి ముందు ఆ కలప మీద కొత్త తాటాకులు కప్పించేది. ఏటా వేసవిలో తీసి ఎండ తగలనిచ్చేది. సోమసుందరం దాని మీద కూచుని చదువుకునేవాడు. నీడగా, చల్లగా, వీపు ఆనించుకోడానికి వీలుగా ఉండేది.

ఈ వేసవిలో ఆమె, "ఏమండీ, ఈ ఏడైనా..." అంది. ఆయన పుస్తకంలోంచి తల ఎత్తకుండా, "వచ్చే ఏడు చూద్దాం" అన్నాడు. కోప్పడలేదు, విసుక్కోలేదు. మామూలుగానే అన్నాడు. ఆమె కూడా మామూలుగానే పెట్టె సర్దుకుంది. గుమ్మం దగ్గర ఒక్క మాట అంది.

"ఆకులు కప్పించే పని ఇక మీరు చూసుకోండి."

సోమవారం సాయంత్రం దాసుగారు వచ్చారు. చంకలో చుట్టిన చాప ఉంది. సోమసుందరం లోపల కుర్చీ వేసి, కాఫీ పెట్టి సిద్ధంగా ఉన్నాడు. దాసుగారు గుమ్మంలోకి రాకుండా పక్క సందులోంచి నేరుగా పెరట్లోకి నడిచారు.

"ఇదేనా?"

"ఇదేనండి."

ఆకులు పాతవి, చివికి ఉన్నాయి. దాసుగారు ఒక పక్క వాటిని ఎత్తి కింద పెట్టారు. తొట్టి దగ్గర కాళ్ళు కడుక్కున్నారు. చెప్పులు కలప పక్కన, గుమ్మం ముందు విడిచినట్టు, ఒద్దిగ్గా విడిచారు. దూలాల మీద చాప పరిచి, పైకెక్కి, కండువా తలకింద పెట్టుకుని పడుకున్నారు.

సోమసుందరం కంగారుపడ్డాడు. "గురువుగారూ, లోపలికి రండి."

"వచ్చాను కదా నాయనా."

"ఇక్కడ కాదండి. ఇల్లు అదీ."

"అదెవరిది?"

"అద్దెది. ఇంటివాళ్ళు వెనక వాటాలో ఉంటారు."

"నేను వాళ్ళింటికి రాలేదే. నీ ఇంటికి వచ్చాను" అన్నారు దాసుగారు, కళ్ళు మూసుకుని.

పడమటి వైపు మబ్బు పట్టి ఉంది. కాసేపటికి చినుకులు మొదలయ్యాయి. ఇంటావిడ బట్టలు తీసుకోవడానికి వచ్చి, కలప మీద పడుకున్న ముసలాయన్ని చూసి నిలబడిపోయింది. ఆమె వెనక ఇంకో ఇద్దరు చేరారు. సోమసుందరానికి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. లోపలికి పరుగెత్తి గొడుగు తెచ్చాడు. గాలికి అది తిరగబడింది.

"లేవండి గురువుగారూ. మీకసలే ఉబ్బసం. తడిస్తే అమ్మగారికి నేనేం సమాధానం చెప్పను?"

"టింబరంటే ఇల్లన్నావు. నీ మాట నమ్మి వచ్చాను."

"అది ఒకప్పటి అర్థం అండి! ఇప్పుడు లేదు. ఆ అర్థం పోయింది."

దాసుగారు కళ్ళు తెరిచారు. వాన నీళ్ళు ఆయన గడ్డం మీంచి కారుతున్నాయి. మొహంలో ఎగతాళి లేదు.

"ఎప్పుడు పోయింది, సోమం?"

ఇంగ్లీషు దేశంలో ఆ అర్థం ఎప్పుడు పోయిందో సోమసుందరానికి తెలుసు. ఏ రాజుల కాలందాకా వాడారో, ఏ రాతలో చివరిసారి కనిపించిందో, అన్నీ నాలుక చివర ఉన్నాయి. చెప్పబోయాడు.

గొడుగు పక్కన పెట్టేశాడు. దూలాల మీద, దాసుగారి కాళ్ళ దగ్గర, చిన్నగా కూచున్నాడు. వాన ఇద్దరి మీదా పడింది. జనం కాసేపు చూసి లోపలికి వెళ్ళిపోయారు.

వాన పెద్దదేం కాదు. వెలిశాక దాసుగారు లేచి కండువా పిండుకున్నారు. లోపలికి వచ్చి కాఫీ తాగారు. బావుందన్నారు. చాప చుట్టుకుని బయల్దేరారు. సోమసుందరం రేవుదాకా వెంట వెళ్ళాడు. పడవ ఎక్కబోతూ ఆయన, "బురదగా ఉంది, చూసుకుని వెళ్ళు" అన్నారు. అంతే.

మర్నాడు సోమసుందరం కాలేజీకి సెలవు పెట్టాడు. కూలివాణ్ణి పిలిచి, తనూ ఒక చెయ్యి వేసి, కలప వరసలు ఒక్కొక్కటే విప్పించాడు. ఇన్నేళ్ళూ దాని మీద కూచున్నాడు కాని, లోపల ఏముందో ఆయన చూడలేదు. పై వరసలు బావున్నాయి. ఎండిపోయి, ముదిరి, ఇనుములా ఉన్నాయి. మధ్యవి నల్లబడ్డాయి. అడుగున నేలని ఆనుకున్న వరసని పట్టుకుంటే చెయ్యి లోపలికి పోయింది. చెదలు. పైకి దూలంలాగే ఉంది, లోపల మట్టి.

ఆయన ఆ మట్టిని చేతిలో పట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు. తరవాత వడ్రంగి వీరాచారి ఇంటికి వెళ్ళాడు. అక్కణ్ణించి స్టేషనుకి.

రైల్లో నిడదవోలు దాకా ఒక వాక్యం కూర్చుకున్నాడు. దంపతులు అనే మాట మూలం చెప్పి, దాన్నించి తమ సంగతిలోకి వచ్చే వాక్యం. చాలా బాగా కుదిరింది. అలాంటి వాక్యం తన పుస్తకంలో కూడా లేదు.

హైమ వాకిట్లో చేటలో మినపప్పు బాగుచేస్తోంది. ఆయన్ని చూసి చేట పక్కన పెట్టింది. లేవలేదు.

"భోజనం చేశారా?"

"చెయ్యలేదు."

"వదిన గుడికెళ్ళింది. వడ్డిస్తాను, ఉండండి."

"హైమా."

ఆమె ఆగింది. ఆయన కూర్చుకున్న వాక్యం మొదలుపెట్టబోయాడు. ఆమె మొహం చూశాడు. నెల రోజుల్లో చెంపల దగ్గర నెరిసినట్టుంది. లేక ముందే నెరిసిందేమో, ఆయనకి తెలియదు.

వాక్యం ఎక్కడో జారిపోయింది. ఆయన దాన్ని వెతకలేదు.

"అడుగు వరస పోయింది. చెదలు" అన్నాడు.

ఆమె మళ్ళీ చేట దగ్గరికి జరిగింది. "మీరు చూశారా?"

"చేత్తో పట్టుకుని చూశాను."

"పైవి?"

"గట్టిగా ఉన్నాయి. మధ్యవి నాకు తెలియలేదు. నువ్వు తట్టి చూడాలి."

"ఎన్ని గదులకి వస్తాయి?"

"వీరాచారి రేపు కొలతలకి వస్తానన్నాడు. గదులు ఎటెటో చెప్పమన్నాడు. నాకు తెలియదన్నాను. అమ్మగారొచ్చి చెప్పాకే కొలత దారం పడతానన్నాడు."

"అనుకున్నంత ఇల్లు ఇప్పుడు రాదు" అంది ఆమె.

"రాదు."

ఆ మాటతో ఆమెకి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. కొంగుతో తుడుచుకుంది. ఆయన వచ్చి పక్కన మెట్టు మీద కూచున్నాడు.

తరవాత ఆమె చేటలోంచి ఏరిపారేసిన రాళ్ళల్లో ఒకటి తీసుకుంది. అలికిన వాకిలి మీద ఒక గీత గీసింది. దానికి ఇంకో గీత కలిపింది.

"ఇది వంటిల్లు. తూర్పు వెలుతురు రావాలి."

"ఊఁ."

"ఇది పడగ్గది. ఇటు వసారా. వాసాలు సరిపోకపోతే వసారాకి తాటాకు వేయిద్దాం." ఆమె చెయ్యి ఆగింది. "మీ పుస్తకాలకి ఎంత గది కావాలి?"

"అన్నీ అయ్యాక, చోటు మిగిలితే చూద్దాం" అన్నాడు సోమసుందరం.

హైమ తల ఎత్తి ఆయనవైపు చూసింది. నమ్మాలో లేదో తేల్చుకుంటున్నట్టు చూసింది. తరవాత వంగి, వంటింటి పక్కన, కిటికీ ఎటువైపు ఉండాలో ఆలోచిస్తూ, నెమ్మదిగా ఇంకో చిన్న గది గీసింది.