ఓబులక్క వాకిట్లో గడ్డి

అనగనగా ఒక కొండ, ఆ కొండ పాదాల దగ్గర ఒక ఊరు. మన కిటికీలోంచి కనిపించే కొండ కాదులే బంగారూ, ఇది వేరే. ఆ ఊరి పేరు అంచుపట్నం. పేరుకి తగ్గట్టే పల్లె కాదు, పట్నమే. బజార్లుండేవి, మిద్దెలుండేవి, నూనె గానుగలుండేవి.

కొండంతా బోద గడ్డి. వానాకాలంలో పచ్చగా మనిషెత్తు పెరిగేది. మాఘమాసం వచ్చేసరికి ఎండిపోయి గలగలలాడేది. అప్పుడు ఒక్క నిప్పురవ్వ పడితే చాలు, కొండ అంటుకునేది. ఒక ఏడు ఆ మంట కొండ దిగి వచ్చి, పట్నంలో పైవీధి మొత్తం తినేసింది.

ఆ తర్వాత పట్నం వాళ్ళు కళ్ళు తెరిచారు. పట్నం పెద్ద మద్దిలేటి అందర్నీ కూర్చోబెట్టి మూడు కట్టుబాట్లు పెట్టాడు.

మొదటిది, కొండకీ పైవీధికీ నడుమ వెడల్పాటి బాట తీయాలి. దానిమీద గడ్డిపరక ఉండకూడదు, ఎండుటాకు ఉండకూడదు. తినడానికి ఏమీ దొరక్కపోతే మంట అక్కడే ఆకలితో చచ్చిపోతుంది. దానికి బోడిబాట అని పేరు పెట్టారు. రెండోది, పెంకుల సందుల్లో ఆకులు తీసేయాలి, గడ్డివాముల్ని ఏటివైపు మార్చాలి, ప్రతి గుమ్మం దగ్గరా తొట్టి నిండా నీళ్ళుండాలి. మూడోది, డప్పు మోగితే అదీ ఇదీ వెతుక్కోకుండా, ముందే సర్దిపెట్టుకున్న సంచీ ఒక్కటే పట్టుకుని ఏటి ఇసుకలోకి నడవాలి.

అదిగో, మన తలుపు దగ్గర మీ అమ్మ పెట్టిన సంచీ అలాంటిదే. మనం ఎక్కడికీ పోవట్లేదమ్మా. పోవలసి వస్తే వెతుక్కోకుండా ఉండడానికి, అంతే. కళ్ళు మూసుకో.

కట్టుబాట్లు మంచివే. కాలిన ఇళ్ళు కూడా మళ్ళీ లేచాయి. కానీ భయం పోలేదు. అందుకని పైవీధి వాళ్ళందరూ ఈసారి కొండకి వీపు పెట్టి ఇళ్ళు కట్టుకున్నారు. తలుపులు బజారు వైపు, పెరళ్ళు కొండ వైపు. పెరటి గోడ దాటితే బోడిబాట. ఎవరి పెరటి వెనక వాళ్ళు ఊడ్చుకునేవాళ్ళు. పక్కవాళ్ళకి ఒంట్లో బాగాలేకపోతే వాళ్ళది కూడా కలిపి ఊడ్చేవాళ్ళు.

ఒక్క ఇల్లు మాత్రం కొండకేసి తిరిగి ఉండేది. అది వీధి చివర ఓబులక్కది. ఆమె పెనిమిటి ఆ పెద్ద మంటనాడు పశువుల్ని తోలుకొస్తానని కొండెక్కాడు. మళ్ళీ దిగలేదు. తలుపు ఇటు తిప్పి కట్టుకోమని అందరూ చెప్పారు. ఆయన వస్తే తలుపు కనిపించద్దా అని ఆమె అంది. ఆ తర్వాత ఎవరూ ఆ మాట ఎత్తలేదు.

అలా అందరికీ పెరడైన బోడిబాట, ఓబులక్కకి వాకిలి అయింది.

ఇప్పుడొక సంగతి విను. ఆ పట్నంలో ఒకరి పెరడు ఇంకొకరు ఊడ్చవచ్చు కానీ, ఒకరి వాకిట్లో ఇంకొకరు చీపురు వేయకూడదు. వేస్తే ఆ ఇంటి లక్ష్మిని ఊడ్చుకుపోయినట్టు. తాతల నాటి నుంచీ అదే పద్ధతి.

ఓబులక్కకి ఆ చింత ఉండేది కాదు. ఆమెకొక మేక ఉండేది. సోగ చెవుల మేక. పేరు సోగి. వాకిట్లో పరక మొలిస్తే సోగి కొరికేసేది. ఆకు రాలితే నమిలేసేది. బోడిబాట మొత్తంలో ఓబులక్క వాకిలే నున్నగా ఉండేది.

పగలంతా సోగి కొండవాలున మేసేది. పొద్దు వాలగానే ఓబులక్క అరుగు మీద కూర్చుని, ఇత్తడి పళ్ళెం మీద గరిటెతో టంగు టంగుమని కొట్టేది. సోగి గంతులేస్తూ దిగి వచ్చేది. ఆ చప్పుడు వీధంతా వినిపించేది. ఓబులక్క పళ్ళెం కొట్టింది, దీపాలు పెట్టండి అనుకునేవాళ్ళు. ఆమె ఇంటికి ఎవరూ వెళ్ళేవాళ్ళు కాదు. వెళ్ళాలంటే గోడ చుట్టూ తిరిగి కొండవైపు రావాలి కదా. కానీ ఆమె పళ్ళెం మాత్రం రోజూ అందరి ఇళ్ళలోకీ వెళ్ళేది.

ఒక ఏడు కార్తీకంలో సోగి ముసలిదై చచ్చిపోయింది. ఓబులక్క తనే గొయ్యి తీసి పాతిపెట్టింది. లేస్తూ లేస్తూ కాలు జారి పడింది. ఆ తర్వాత మోకాలు వంగలేదు. కర్ర పట్టుకుని ఇంట్లో తిరుగుతూ గంజి కాచుకునేది, అరుగు మీద కూర్చునేది. మేక పోయిందని వీధిలో అందరికీ తెలిసింది. అయ్యో అన్నారు. పళ్ళెం మోగడం మానేసింది. దీపాలు పెట్టే వేళ ఎవరికి వాళ్ళే చూసుకోవడం అలవాటు చేసుకున్నారు.

వాకిట్లో గడ్డి మొలిచింది. పెరిగింది. ఎండింది.

మాఘమాసం వచ్చింది. మొదట మద్దిలేటి బోడిబాట చూసుకుంటూ వచ్చాడు. నడుస్తూనే, ఏమక్కా, నీ వాకిలి అద్దంలా ఉండేది కదా అన్నాడు. చూస్తాలే నాయనా అంది ఓబులక్క. మోకాలి సంగతి చెప్పలేదు. ఆయనా ఆగలేదు.

ఆ తర్వాత ఒక ఇల్లు అవతల ఉండే గానుగ వాళ్ళ కోడలు తన పెరటి వెనక ఊడుస్తూ ఊడుస్తూ ఇటు చూసింది. చూసి చీపురు పట్టుకుని రెండడుగులు వేసింది. గోడ అవతల్నించి అత్త, "ఎక్కడికే? ఆమె లక్ష్మిని మనింటికి తెస్తావా? ఆ ఇంట్లో లక్ష్మి ఎంతుంది గనక, చీపురు అరుగుదల తప్ప," అంది. కోడలు నవ్వు ఆపుకుంటూ వెనక్కి వెళ్ళిపోయింది. ఓబులక్కకి అంతా వినిపించింది.

ఆ తర్వాత పక్కింటి పుల్లమ్మ వచ్చింది. ఒకప్పుడు ఇద్దరూ కలిసి నీళ్ళకి వెళ్ళేవాళ్ళు. పుల్లమ్మ గోడ మలుపు దాకా వచ్చి ఆగింది. మేక పోయినప్పుడు పలకరించలేదు, కాలు జారి పడ్డప్పుడు పలకరించలేదు, ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని వెళ్ళను అనుకుంది. వెనక్కి తిరిగింది. మలుపు దగ్గర ఆగిన పాదాలు, తిరిగి వెళ్ళిన పాదాలు ఓబులక్క చూసింది. పిలవలేదు.

నిద్రపోయావా? లేదా. సరే.

అప్పుడు ఫాల్గుణం వచ్చింది. ఒక మధ్యాహ్నం పట్నమంతా భోజనాలు చేసి నడుం వాల్చింది. తలుపులన్నీ బజారు వైపే కదా. కొండని చూసే తలుపు ఒక్కటే. ఓబులక్క అరుగు మీద కూర్చుని ఉంది. కొండ భుజం మీద సన్నగా పొగ లేచింది. చూస్తుండగానే ఆ పొగ కింద ఎర్రటి గీత పడింది. గాలి పట్నం వైపే.

ఆమె లేవబోయింది. మోకాలు లేవనివ్వలేదు. గట్టిగా అరిచింది. ఆ గొంతు గోడ దాటలేదు. అప్పుడు చెయ్యి చాపి ఇత్తడి పళ్ళెం అందుకుంది. గరిటె తీసుకుని కొట్టడం మొదలుపెట్టింది.

పళ్ళెం పైవీధిలో మోగింది. ఒకాయన కళ్ళు తెరిచి, పాపం, ముసల్దానికి మతి పోయింది, మేకని పిలుస్తోంది అని అటు తిరిగి పడుకున్నాడు. గానుగ వాళ్ళ అత్త, చచ్చిన మేక దిగొస్తే పాలు మాత్రం మాకే పొయ్యమనండి అని తలుపు వేసుకుంది.

పుల్లమ్మ మాత్రం లేచి కూర్చుంది. పళ్ళెం ఆగలేదు. లేని మేక కోసం అలా కొడుతూనే ఉందని తలుచుకుంటే ఆమెకి పడుకోబుద్ధి కాలేదు. వెళ్ళి ఆ గరిటె చేతిలోంచి తీసుకుని, కాసేపు పక్కన కూర్చుందాం అనుకుంది. ఈసారి గోడ మలుపు దగ్గర ఆగలేదు.

వచ్చి అరుగు ముందు నిలబడింది. ఓబులక్క చెయ్యి ఆపి, "వచ్చావా పుల్లమ్మా. మేకని కాదే, మిమ్మల్నే పిలుస్తున్నాను," అని కొండకేసి చూపించింది.

అప్పుడు పుల్లమ్మ పరుగెత్తింది. డప్పు మోగింది. పిల్లలూ ముసలివాళ్ళూ సంచులు పట్టుకుని ఏటి ఇసుకలోకి నడిచారు. ఇద్దరు మనుషులు ఓబులక్కని మంచం మీదకి ఎక్కించి ఎత్తి తీసుకెళ్ళారు. ఆమె పళ్ళెం వదల్లేదు. చేతనైన వాళ్ళందరూ బోడిబాట మీదకి వచ్చారు. చూస్తే బాటంతా పాపిట తీసినట్టు తెల్లగా ఉంది. ఒక్కచోట మాత్రం నడుమెత్తు ఎండుగడ్డి.

పుల్లమ్మే ముందు కొడవలి వేసింది. పక్కన గానుగ వాళ్ళ కోడలు చీపురు వేసింది. లక్ష్మి సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. కోసినంత కోశారు, లాగినంత లాగారు. అంతలో మంట దిగి వచ్చింది.

బాట పొడుగునా మంట వచ్చి ఆగింది. తినడానికి ఏమీ లేక అక్కడే నల్లబడింది. ఓబులక్క వాకిట్లో మాత్రం కొయ్యని గడ్డి కొంచెం మిగిలింది. అందులోంచి ఒక నాలుక ఇటు దాటింది. సోగి గుడిసె పోయింది. అరుగు మీది పందిరి పోయింది. తడి గోనెసంచులతోనూ, పచ్చి కానుగ కొమ్మలతోనూ అందరూ కలిసి దాన్ని కొట్టి కొట్టి చంపారు. గోడలు మసిబారి ఇల్లు నిలబడింది. దాని వెనక పట్నం నిలబడింది.

ఆ తర్వాత మద్దిలేటి ఏటి ఇసుకలోకి వచ్చాడు. మంచం పక్కన నిలబడి, కాలు బాగాలేదని మొన్న నేనొచ్చినప్పుడు ఒక్క మాట అని ఉండొచ్చు కదక్కా అన్నాడు.

"కూర్చోకుండా అడిగిన వాళ్ళకి ఎవరైనా చూస్తాలే అనే చెప్తారు నాయనా," అంది ఓబులక్క.

మద్దిలేటి ఇసుకలో కూర్చున్నాడు.

అప్పుడు నాలుగో కట్టుబాటు పుట్టింది. మాఘమాసం రాగానే ఒకరోజు ఎవరి బాట వాళ్ళు ఊడ్చుకోకూడదు. ఇంకొకరిది ఊడవాలి. వాకిలైనా సరే. ఆ ఒక్కరోజు లక్ష్మి కూడా చుట్టపుచూపుకి ఇళ్ళు తిరుగుతుందని చెప్పుకున్నారు. ఒక్క మనిషే ఉన్న ఇంటి దగ్గర మొదటి చీపురు పడాలి. చీపురు పట్టుకునే ముందు ఆ ఇంటి అరుగు మీద కూర్చుని మంచినీళ్ళు తాగాలి. అలా కూర్చుంటే ఎవరి మోకాలు ఎలా ఉందో తెలుస్తుంది.

అయితే ఓబులక్కకి ఇంక తోడు దొరికిందనుకోకు. మాఘం వెళ్ళాక అరుగు మళ్ళీ ఖాళీయే. సోగి మళ్ళీ రాలేదు. పెనిమిటీ రాలేదు. తలుపు ఇటు తిప్పుకో అక్కా అని మళ్ళీ అడిగారు. ఒక్క తలుపైనా కొండని చూస్తూ ఉండద్దా అంది. ఈసారి అందరూ నిజమే అన్నారు.

కానీ పొద్దు వాలగానే ఆమె మళ్ళీ పళ్ళెం మీద ఒక్కసారి కొట్టేది. టంగ్. కాసేపు ఏమీ వినిపించేది కాదు. అప్పుడు గోడ అవతల్నించి పుల్లమ్మ పళ్ళెం పలికేది. ఆ తర్వాత గానుగ వాళ్ళింట్లో. ఆ తర్వాత దాని పక్కింట్లో. అలా వీధి పొడుగునా వెళ్ళి వెళ్ళి, చివరి చప్పుడు గాలిలో ఉందా లేదా అన్నట్టు వినిపించేది. అది విన్నాక ఓబులక్క కొండని ఒకసారి చూసి తలుపు గడియ పెట్టుకునేది.

ఏమిటీ? మన ఎదురింటి ముసలావిడ సంచీ ఎవరు సర్దారంటావా? నాకూ తెలీదు బంగారూ. ఇక్కడికి వచ్చి ఇన్నాళ్ళయింది, ఆవిడ పేరైనా మనకి తెలీదు. రేపు పొద్దున్నే వెళ్ళి ఆవిడ దగ్గర కూర్చుందాం. ఆవిడ భాష నాకు రాదు. నువ్వు మాట్లాడు, నేను మంచినీళ్ళు తాగుతాను.

ఇంక పడుకో.

గడ్డేమో మేకకి,
నిప్పేమో పొయ్యికి,
చీపురేమో పక్కింటి వాకిటికి,
కథేమో కంచికి,
కునుకేమో కంటికి,
మనమేమో ఇంటికి, మన ఇంటికి.