జమ్ము కాల్చిన లంక

అనగనగా ఒక ఊళ్ళో కాదు తల్లీ, అనగనగా ఒక లంకలో. లంకంటే చుట్టూ నీళ్ళుండే ఊరు. పెద్ద సరస్సు మధ్యలో ఉండేది. పేరు గవ్వలలంక. మొత్తం అరవై గడపలు. అందరూ చేపలు పట్టుకుని బతికేవాళ్ళే. పక్కూరికి పోవాలన్నా దోనె ఎక్కాల్సిందే.

ఆ లంక చుట్టూ జమ్ము ఉండేది. నువ్వు చూళ్ళేదు కదూ జమ్ముని? నీళ్ళలో నిలబడి పెరిగే గడ్డమ్మా. మీ నాన్నకంటే పొడుగు. ఆకులు కత్తుల్లా ఉంటాయి. పైన గోధుమరంగు కంకులు, చేత్తో నిమిరితే పిల్లితోకలా మెత్తగా ఉంటాయి.

ఆ జమ్ములో నీటికోళ్ళు గుడ్లు పెట్టేవి. గిజిగాళ్ళు ఆకులు చీల్చుకుని గూళ్ళు అల్లుకునేవి. కొర్రమీను తల్లి ఎర్రెర్రటి పిల్లల్ని వెంటేసుకుని ఆ మొదళ్ళ మధ్యే తిప్పేది. పాములూ అందులోనే ఉండేవి. ఊళ్ళో మురికినీళ్ళు జమ్ములోంచి పోయి, సరస్సులో కలిసేసరికి తేటపడేవి. ఇవన్నీ జరుగుతున్నాయని ఎవరూ ఆలోచించలేదు. జమ్ము ఉంది, అంతే.

ఆ ఊళ్ళో సైదమ్మ అని ఒకావిడ జమ్ము ఆకుతో చాపలు అల్లేది. మొగుడు లేడు. పోతురాజని ఒక్కడే కొడుకు, ఇరవై రెండేళ్ళవాడు, వల వేసేవాడు. ఊరికి పెద్ద బుల్లెబ్బాయి. ఆయన పెళ్ళాం పురిట్లోనే పోయింది. అప్పట్నుంచీ కూతురు మాణిక్యానికి స్నానం చేయించడం, జడ వెయ్యడం అన్నీ ఆయనే. వంకరగా వేసేవాడట జడ. ఆ వంకర జడతోనే ఊరంతా తిరిగేదట ఆ పిల్ల.

మాణిక్యానికి పదేళ్ళు వచ్చాయి. ఒకరోజు పొద్దున్నే నీటికోడి గుడ్లు తెస్తానని జమ్ములోకి దిగింది. అక్కడ తాచుపాము కాలిమీద కాటేసింది. బుల్లెబ్బాయి పిల్లని దోనెలో పడుకోబెట్టి, అవతలి గట్టున ఉన్న వైద్యుడి దగ్గరికి గెడ వేసుకుంటూ పోయాడు. సగం దూరం పోయేసరికి పిల్ల మాట్లాడ్డం మానేసింది. ఆయన మాత్రం గెడ వెయ్యడం ఆపలేదు. అవతలి గట్టు చేరాక కూడా వైద్యుడు చెబితేగానీ నమ్మలేదు.

చచ్చిపోయిందా అంటావా? అవును తల్లీ. పోయింది. ఇలా దగ్గరికి జరుగు.

పదకొండో రోజు అయ్యాక బుల్లెబ్బాయి ఊరందర్నీ పిలిచాడు.

"జమ్ము ఉండకూడదు. ఒక్క మొక్క ఉండకూడదు," అన్నాడు.

సైదమ్మ ఒక్కతే లేచింది.

"అన్నయ్యా, పాము కరిచింది. జమ్ము ఏం చేసింది?"

"పాముని దాచింది."

"అన్నయ్యా, అది పాముల్నే కాదు, చేపపిల్లల్నీ దాస్తుంది. మనల్ని కూడా..."

"నీ కొడుకు పోతే అప్పుడు చెప్పు నాకు ఈ కబుర్లు," అన్నాడు.

సైదమ్మ కూర్చుండిపోయింది. కడుపుకోత ఉన్నవాడితో ఏం వాదిస్తుంది?

అప్పుడు ఊళ్ళో మగవాళ్ళంతా కొడవళ్ళు పట్టుకుని నీళ్ళలోకి దిగారు. పోతురాజు కూడా దిగాడు. పెద్దాయన మాట కాదనలేక దిగాడు. మూడు రోజులు కోశారు. గట్టున ఎండేసి నిప్పు పెట్టారు. కోతకి అందనిచోట నిలబడున్న జమ్ముకే అంటించారు. గూళ్ళలో పిల్లలున్నాయి. వాటి తల్లులు పొగలో గుండ్రంగా తిరిగి తిరిగి, చివరికి ఎటో పోయాయి. ఆ తర్వాత నీళ్ళు తగ్గే రోజుల్లో గునపాలతో బురద తవ్వి, మళ్ళీ మొలవకుండా దుంపలు కూడా పీకేశారు.

మొదట్లో ఊళ్ళోవాళ్ళు సంతోషపడ్డారమ్మా. "హాయిగా గాలి వస్తోంది" అన్నారు. "గుమ్మంలో కూర్చుంటే సరస్సంతా కనిపిస్తోంది" అన్నారు.

అప్పుడు పాములు ఊళ్ళోకి వచ్చాయి. ఉన్న చోటు పోతే అవి మాత్రం ఎక్కడికి పోతాయి? బియ్యం కుండ వెనక, వల చుట్టలో, ఉయ్యాల కింద ఎక్కడ చూసినా పాములే. గంగులని ఒక ముసలాయన బాగుచెయ్యడానికి వల తీస్తే చేతిమీద కరిచింది. ఇంకొక ఇంట్లో బాలింత. ఇద్దరూ పోయారు. మాణిక్యానికి ముందు ఏళ్ళ తరబడి ఎవరూ కాటుపడని ఊళ్ళో, ఒక్క నెలలో ఇద్దరు.

బుల్లెబ్బాయి బరిసె పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి పాముల్ని చంపాడు. ఎన్ని చంపినా ఆయన మొహంలో తృప్తి లేదు.

ఆ తర్వాత చేపలు పోయాయి. గుడ్లు పెట్టడానికి చోటు లేదు, పిల్లలు దాక్కోడానికి చోటు లేదు. వల వేస్తే నాచు వచ్చేది. నీళ్ళూ చెడ్డాయి. గొడ్ల చావడి మురికంతా తిన్నగా మంచినీళ్ళ రేవులోకే పోయేది. ముందు నీళ్ళు పచ్చబడ్డాయి, తర్వాత వాసనొచ్చాయి. వేరే నీళ్ళెక్కణ్ణుంచి తెస్తారు? అవే తాగారు. వాంతిభేది పట్టుకుంది. పదకొండు మంది పోయారు. అందులో ఏడుగురు నీ ఈడు పిల్లలు.

సైదమ్మకి అల్లడానికి ఆకు లేదు. అయినా ఇంట్లో ఉన్న పాత చాపలన్నీ ఒక్కొక్కటే తీసి ఇచ్చేసింది, శవాల్ని చుట్టడానికి. ఆఖరి చాప ఇచ్చిన రోజు వట్టి నేలమీద పడుకుంది. ఎవర్నీ ఒక్క మాట అనలేదు. 'నేను ముందే చెప్పాను కదా' అని కూడా అనలేదు.

ఇవి చాలవన్నట్టు గాలివాన.

కార్తీకమాసంలో వచ్చింది. రెండురోజులు కురిసి, మూడోనాడు పట్టపగలే ఆకాశం మూసుకుపోయింది. సరస్సు లేచింది. అలలు ఇళ్ళంత ఎత్తు లేవలేదమ్మా, నడుమెత్తే. కానీ ఆగకుండా వచ్చాయి. ఇదివరకు ఎంత గాలివాన వచ్చినా అల జమ్ములో దూరి, నలిగి, ఊరి గట్టు దగ్గరికి వచ్చేసరికి పళ్ళెంలో నీళ్ళలా కదిలేది. గట్టు మట్టిని జమ్ము వేళ్ళు పట్టుకుని ఉండేవి. ఇప్పుడు అలకి అడ్డం లేదు, మట్టికి పట్టు లేదు. గట్టు కరిగి కరిగి, పడమటి వీధిలో ఇళ్ళు ఒక్కొక్కటే నీళ్ళలోకి కూర్చున్నాయి.

పోతురాజు నడుముకి తాడు కట్టుకుని వీధిలోకి దిగాడు. మొదటిసారి ఇద్దరు పసివాళ్ళని తెచ్చాడు. రెండోసారి కళ్ళు కనిపించని ముసలమ్మని వీపున వేసుకుని తెచ్చాడు. "ఇంకెవరున్నారు?" అని అరిచాడు. బుల్లెబ్బాయి ఉన్నాడన్నారు. తన ఇంట్లోనే, మాణిక్యం బట్టల పెట్టె మీద కూర్చుని ఉన్నాడట. పిలిస్తే రాలేదట.

సైదమ్మ తాడు కొస పట్టుకుని ఉంది. కొడుకు ఆమె వంక చూశాడు. ఆమె వద్దనలేదు. వద్దనాలని నోటిదాకా వచ్చిందని, అనలేకపోయానని తర్వాత చాలా ఏళ్ళకి చెప్పిందట.

పోతురాజు మూడోసారి వెళ్ళాడు. బుల్లెబ్బాయిని రెక్క పట్టి గుమ్మం బయటికి తోశాడు. అప్పుడే గోడ కూలింది. పెద్దాయన బయట పడ్డాడు. పోతురాజు లోపల పడ్డాడు. సైదమ్మ చేతిలో తాడు ఒక్కసారిగా బరువెక్కి, ఆ తర్వాత తేలికైపోయింది.

వాన వెలిశాక చూస్తే అరవై గడపల్లో పంతొమ్మిది మిగిలాయి. ఊళ్ళో చాలామంది అవతలి గట్టుకి వెళ్ళిపోయారు. సైదమ్మ వెళ్ళలేదు. కొడుకు ఆ నీళ్ళలోనే ఉన్నాడు కదా, ఎక్కడికి వెళ్తుంది?

బుల్లెబ్బాయీ వెళ్ళలేదు. ఆరునెలలు ఎవరితోనూ మాట్లాడలేదు. ఆ తర్వాత ఒకనాడు పొద్దున దోనె వేసుకుని సరస్సు అవతలి కొసకి పోయాడు. అక్కడింకా జమ్ము ఉంది. దుంపలు తవ్వి దోనెనిండా నింపుకుని వచ్చాడు. నడుములోతు నీళ్ళలో నిలబడి ఒక్కొక్కటే నాటడం మొదలుపెట్టాడు. సాయంత్రానికి అన్నీ పైకి తేలాయి. మర్నాడు మళ్ళీ నాటాడు. మళ్ళీ తేలాయి.

సైదమ్మ గట్టుమీద కూర్చుని ఇదంతా చూసింది. మూడోనాడు ఆయన నీళ్ళలో నిలబడే అడిగాడు, ఆమె మొహంలోకి చూడకుండా.

"ఎంత లోతులో పెట్టాలి?"

"నీకు చెప్పాల్సిన అవసరం నాకు లేదు," అంది.

"లేదు," అన్నాడు బుల్లెబ్బాయి. అని, మళ్ళీ వంగి తప్పుగానే నాటుతున్నాడు. వేళ్ళు పగిలి బురదలో నెత్తురు కలుస్తోంది.

అప్పుడు సైదమ్మ చీర దోపుకుని నీళ్ళలోకి దిగింది. ఆయన చేతిలోంచి దుంప లాక్కుంది.

"నడుములోతులో బతకదు. మోకాలిలోతుకి రా. మొలక పైకి ఉండాలి. దుంపని పడుకోబెట్టి, మడమతో తొక్కి, పైన మట్టిపెళ్ళ పెట్టు," అంది. అన్నయ్యా అనలేదు. ఆ తర్వాత ఇంకెప్పుడూ అనలేదు.

ఇద్దరూ ఆ ఎండాకాలమంతా నాటారు. ఒకళ్ళు ఈ కొసనుంచి, ఒకళ్ళు ఆ కొసనుంచి. అవసరమైతే తప్ప మాటల్లేవు. తొలకరికి వేలెడంత పచ్చ కనిపించింది. అది చూసిన వారానికే బుల్లెబ్బాయి పోయాడు. సైదమ్మ ఒక్కతే ఇంకా తొమ్మిదేళ్ళు నాటింది. ఒక నీటికోడి వచ్చి గూడు పెట్టడానికి అందులో ఆరేళ్ళు పట్టింది. పడమటి వీధి మాత్రం తిరిగి రాలేదు. ఇప్పటికీ అది నీళ్ళే.

ఆయన్ని క్షమించిందా అంటావా? ఏమో తల్లీ. నేనూ మా అమ్మమ్మని ఇదే అడిగాను. ఆవిడ నా దుప్పటి సర్దింది.

కథ వెళ్ళె కంచికి,
కొంగ వెళ్ళె గూటికి,
దోనె వెళ్ళె రేవుకి,
నా తల్లి వెళ్ళె నిద్దట్లోకి.