నేనన్నందుకు జరిమానా

"మూడేళ్ల నుంచీ చెప్తన్నా, ఇది నా చెలమ. నేను తవ్వా, ముందు నేనే తాగుతా," అంది అడవిపంది.

"నువ్వు మూతి పెట్టావంతే. నా గిట్టలు దిగితేగా గుంట పడింది," అంది అడవిదున్న. "పక్కకి జరుగు."

ఏరు ఎండిపోయింది. ఇసుకలో గుంట తీస్తే ఊరే ఆ కాసిని నీళ్లే అడివంతటికీ దిక్కు. ఇవి రెండూ తెల్లారేసరికి వచ్చి ఒకదాన్నొకటి నెట్టుకోవటం, అంచు విరిగి గుంటలో పడటం, నీళ్లు బురదైపోవటం. నిన్నా మొన్నా ఎవరి నాలుకా తడవలేదు. జింక పిల్లయితే లేవలేక ఇసుకలో పడుకుండిపోయింది.

"అన్నల్లారా, ఈ పిల్ల సాయంత్రం దాకా ఆగదు," అంది తల్లి జింక.

"ముందెవరో తేలనీ. తర్వాత నీ పిల్ల సంగతి," అంది పంది.

అప్పుడొచ్చింది ముసలి గాడిద. ఎగువన ఆశ్రమంలో మునులకి నీళ్లు మోసిన గాడిద అది. మునులు ఎటో వెళ్లిపోయారు, దీని వీపు మీద మోసి మోసి కాసిన కాయలు మిగిలాయి.

"ఈ తగువు మునులకీ ఉండేదిరా," అంది. "చెలమ దగ్గర ఎవరు పెద్దా అని. వాళ్ల పెద్దాయన జరిమానా పెట్టాడు. నేను, నాది అన్నవాడల్లా గుంటలో ఇసుక తీసి అవతల పొయ్యాలి. అననివాడు ముందు తాగాలి."

"ఎందుకంట?" అంది దున్న.

"ఆ మాట తగ్గితే మనసు నెమ్మదిస్తదంట. ఏమో, నేను మోసేదాన్ని, నాకేం తెలుసు? అదిగో, నాకే పడింది జరిమానా." గాడిద గుంటలో దిగి ఒక గిట్టెడు ఇసుక బయటికి లాగింది.

పంది నవ్వింది. "ఇంతేనా? నేను చిటికెలో..."

"ఒకటి," అంది జింక.

పంది మూతితో ఇసుక తోసింది.

"మొదటే ఓడావు. నేనైతేనా..."

"నీకూ ఒకటి, దున్నన్నా."

"నేను ఊరికే అన్నా."

"ఇంకోటి."

"లెక్క సరిగ్గా చెప్పు జింకా, నేను చూస్తన్నా," అంది పంది.

"చూడు, చూసుకుంటా తవ్వు," అంది గాడిద.

ఎండ నెత్తికెక్కేసరికి గుంట పంది పొట్టదాకా దిగింది. అడుగున కొత్త ఊట తగిలింది. కానీ ఇద్దరూ కలియదొక్కుతుంటే అదీ బురదే.

చివరికి ఓపికలు అయిపోయినాయి. పైకొచ్చి పంది నోరు తెరిచింది, మళ్లీ మూసుకుంది. దున్న రొప్పుతా కూలబడింది. ఎవరూ కదల్లేదు. కాసేపటికి బురద అడుక్కి దిగి, నీళ్లు తేటగా నిలిచాయి.

"ఆ మాట అననిది ఎవరు?" అంది గాడిద.

జింక మాట్లాడకుండా పిల్లని మెడతో లేపి గుంటలోకి దింపింది. పిల్ల ముక్కు దాకా ముంచి తాగింది. తాగి, తనంతట తనే ఎక్కొచ్చింది. తర్వాత తల్లి. ఆ తర్వాత దున్న "నువ్వు తాగు బావా" అంటే, పంది "కాదు, నువ్వే కానీ" అంది.

పంది తన వంతు వచ్చాక గుటక వేసింది. "ఇంత చల్లటి నీళ్లు ఇన్నాళ్లూ ఎక్కడున్నాయి?"

"ఇక్కడే. మీరు నిలవనిస్తేగా," అంది గాడిద.

‘నేను’ అనేదాన్ని తోడి పారేసినవాడికే లోపల ఊట తగులుద్ది.

జింక లెక్క తేల్చింది. గాడిద కట్టింది గిట్టెడు ఇసుక, దున్న ఇరవై తొమ్మిది గిట్టెళ్లు. చెలమ నాదన్న పంది కట్టింది నలభై ఒక్క మూతెళ్లు.