ఇంజనమ్మ తీర్థం

వెనకటికి జోగివలస జమీందారు తన చెరకు తోటలకు ఏటి నీళ్లు తోడడానికి డీజిల్ ఇంజను తెప్పించాడు. ఆ ఏడు వానలు పడలేదు. పైగా ఎక్కడో యుద్ధం వచ్చి డీజిలు దొరక్కుండా పోయింది. కానుగ నూనె పోసినా ఇంజను ఆడుతుందని తేలగానే దివాను నరహరి పంతులుకు ఉపాయం తట్టింది.

"ఇది వట్టి ఇనుము కాదు, ఇంజనమ్మ తల్లి! ఇంటింటి నుంచీ కానుగ నూనె నైవేద్యం రావాలి," అని దండోరా వేయించాడు.

జనం భయపడి, ఇంట్లో దీపాలు ఆర్పుకుని మరీ నూనె తెచ్చి పోశారు. దొరగారి చెరకు పచ్చగా ఎదిగింది. పక్కనే జనం చోడి చేలు, అంటే రాగి చేలు, మాడిపోతున్నాయి.

గానుగ ఆడించే పైడమ్మ ఒకనాడు నూనె కుండతో పాటు పార కూడా తెచ్చి, పట్టపగలే చెరకు తోటకు నీళ్లు పారే కాలవ గట్టుకు గండి కొట్టింది. నీళ్లు చోడి చేలల్లోకి పారాయి. దివాను ఆమెను జమీందారు ముందు నిలబెట్టించాడు.

"దొరగారి నీళ్లు దొంగిలిస్తావా?" అని గద్దించాడు.

"నీళ్లేటి బాబూ, అది తీర్థం కదా! నైవేద్యం పెట్టినోళ్లకి తీర్థం ఇయ్యని గుడి ఎక్కడైనా ఉందా?"

"ఇనప యంత్రానికి తీర్థమేమిటే!" అని దివాను నోరు జారాడు.

"ఇనుమేనా? అయితే మా నూనె మాకిప్పించండి దొరా. ఇనుముకి నైవేద్యం దేనికి?"

నూనె ఆగితే తన చెరకు ఏమవుతుందో తలుచుకుని జమీందారు గబగబా అడ్డుపడ్డాడు.

"తల్లే, ముమ్మాటికీ తల్లే! అమ్మను కనిపెట్టింది దివానుగారు కనక పూజారీ ఆయనే," అన్నాడు.

మర్నాటి నుంచి నరహరి పంతులు నూనె పొగలో దగ్గుతూ ఒక్కో చేనుకూ వంతులవారీగా తీర్థం వదిలాడు. రైతులు నవ్వాపుకుని, ఆయనకు భక్తిగా దండాలు పెట్టారు.