ఆరగించిన పెసరట్టు

ఒకానొక రాజ్యానికి పొగడపురం రాజధాని. పుష్యమాసం వచ్చిందంటే ఆ ఊరి జనానికి ఇంటి వంట మీద బుద్ధి నిలవదు. తెల్లవారేసరికి మంచు దట్టంగా దిగుతుంది. ఆ మంచులోనే ఆడా మగా దుప్పట్లు కప్పుకొని పొయ్యిల వీధికి బయలుదేరతారు. ఒక అరుగు ముందు తేగలు కాలుతుంటాయి, ఇంకో అరుగు మీద మిరియాల పాలు మరుగుతుంటాయి. సజ్జరొట్టె మీద కొత్తబెల్లం పెట్టి ఇచ్చేవాళ్ళ దగ్గర తోపులాటే. ఎవరు ఎదురుపడినా "ఇవాళ ఏం తిన్నావు?" అన్నదే ఆ నెలంతా పలకరింపు.

ఆస్థానంలో చమత్కారిగా పేరుపడ్డ పోలన కూడా పొద్దున్నే అక్కడ తేలేవాడు. గవరమ్మ వేసే పెసరట్టంటే అతనికి ప్రాణం. కొలువుకు ఆలస్యంగా వచ్చినప్పుడల్లా పూజలో ఆలస్యమైందని చెప్పేవాడు. ఉత్తరీయం నిండా అల్లం వాసన వేస్తుంటే, ఏ దేవుడికి పూజ చేశావని అడిగిన పాపాన ఎవరూ పోలేదు.

ఆ రాజ్యాన్ని ఏలేవాడు ఉద్దండభూపతి. మనిషి చెడ్డవాడు కాడు గానీ, గొప్ప చూపించుకోవడంలో ఆయన తరవాతే ఎవరైనా. ఆయన గురించి మాట్లాడాలంటే మాటలు ఏరుకోవాలి. ప్రభువులు రారు, వేంచేస్తారు. పడుకోరు, పవళిస్తారు. తినరు, ఆరగిస్తారు. ఆ ఆరగింపు కూడా అంత తేలిగ్గా జరిగేది కాదు. పళ్ళెం వంటశాల నుంచి గొడుగు కింద, మేళతాళాలతో రావాలి. విషం లేదని తేల్చడానికి ఒక ఉద్యోగి రుచి చూసి, కాసేపు బతికి చూపించాలి. ఆ తరవాత ఒక పండితుడు ప్రభువుల బిరుదులన్నీ చదవాలి. మధ్యలో తడబడితే మళ్ళీ మొదటికే. చివరి బిరుదు వినపడితే గానీ రాజు పళ్ళెం మీద చెయ్యి వెయ్యడు. పైగా ఆ బిరుదులు ఏటేటా పెరుగుతూ వచ్చాయి.

ఒకనాడు పొయ్యిల వీధి సంగతి రాజు చెవిన పడింది. ఊరంతా మెచ్చుకునే ఆ పెసరట్టేదో తెప్పించమన్నాడు. గవరమ్మ పొంగిపోయి, నెయ్యి చూసుకోకుండా వేసి పంపింది. గొడుగు పట్టారు. మేళం వాయించారు. ఉద్యోగి తిని బతికాడు. బిరుదులు పూర్తయ్యాయి. రాజు ముక్క తుంచబోతే అది తెగలేదు. ఎలాగో తుంచి నోట్లో పెట్టుకుని చాలాసేపు నమిలి, చివరికి దవడ పట్టుకున్నాడు.

ఈ పదార్థం కోసం జనం మంచులో నిలబడుతున్నారంటే అది పచ్చి మోసమని రాజు తేల్చాడు. ఆ వీధిలో పొయ్యిలన్నీ ఆర్పించమని అప్పటికప్పుడే ఆజ్ఞాపించాడు.

సంగతి గవరమ్మకు తెలిసింది. ఆ పెనమే ఆమెకు బతుకుతెరువు. పోలన కనపడగానే కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

"అట్టు బాగోలేదంటే పడతాను బాబూ. మోసమన్నారే, అదే గుండెల్లో కలుక్కుమంటంది," అంది.

పోలనకు ఆమెను చూస్తే జాలేసింది. రేపటి నుంచి పెసరట్టు లేదన్న దిగులు కూడా పట్టుకుంది. రెండింటిలో ఏది ఎక్కువో అతనికే తెలియలేదు. కాసేపు పొయ్యి దగ్గర కూర్చుని ఆలోచించి, తిన్నగా కొలువుకు వెళ్ళాడు.

"ప్రభూ, తప్పు గవరమ్మది కాదు, అట్టుదీ కాదు. మాటది," అన్నాడు.

ఏ మాటదని రాజు అడిగాడు.

"మేము తింటాం. తమరు ఆరగిస్తారు. వేడి ఆరాక గానీ ముట్టుకోరు కనకనే దాన్ని ఆరగింపు అన్నారేమో. ఆరగిస్తే ఏ పెసరట్టైనా అలాగే ఉంటుంది ప్రభూ. తినాలి."

సభలో పండితులకు ఒక్కసారిగా దగ్గు వచ్చి, ఉత్తరీయాలు నోటికి అడ్డం పెట్టుకున్నారు. రాజు ముఖం కందగడ్డలా అయింది.

"నీ వ్యాకరణం బాగానే ఉంది పోలనా. కానీ మేము పుట్టి బుద్ధెరిగి తిన్నవాళ్ళం కాదు. మా నోటితో 'తిన్నాను' అనిపించు, వీధి ఉంటుంది. అనిపించలేకపోయావా, ఆ పొయ్యిలతో పాటు ఈ కొలువులో నీ చోటూ పోతుంది."

పోలన ఒప్పుకుని రెండు కోరికలు కోరాడు. మర్నాడు పొద్దున ప్రభువులే పొయ్యి దగ్గరికి వేంచేయాలి. రుచి చూసే పని ఆ పూటకు తనకు ఇవ్వాలి. విషమంటూ ఉంటే తానే పోతాడు గనక ప్రభువులకు ఎటు చూసినా లాభమేనని కూడా విన్నవించాడు. రాజుకు ఆ లెక్క నచ్చింది.

మర్నాడు మంచులో పల్లకి దిగింది. గవరమ్మ పొయ్యి ఎదురుగా సింహాసనం వేశారు. రాజు శాలువా చెవుల దాకా లాక్కుని కూర్చున్నాడు. ఊరంతా చుట్టూ మూగింది. గవరమ్మ పిండి పోసి, గరిటె అడుగుతో గుండ్రంగా తిప్పి, అల్లం ముక్కలూ జీలకర్రా చల్లింది. అంచు వెంట నెయ్యి జారగానే వాసన గుప్పుమంది. పండితుడు గొంతు సవరించుకుని బిరుదులు అందుకున్నాడు.

మొదటి అట్టు పోలన ఆకులో పడింది. అతను అంచు తుంచి తిని, అంచులో విషం లేదని చెప్పాడు. మధ్యలో తుంచి తిని, మధ్యలోనూ లేదన్నాడు. అల్లం దగ్గర కొంచెం అనుమానంగా ఉందని, ఆ భాగం రెండుసార్లు పరిశీలించాడు. పరిశీలన ముగిసేసరికి ఆకు ఖాళీ అయింది.

"మరి మాది ఏదీ?" అన్నాడు రాజు.

"ఆ అట్టు నిర్దోషి అని తేలింది ప్రభూ. ఇప్పుడు వేసేది వేరే అట్టు. దాని విచారణ మళ్ళీ మొదటి నుంచి జరగాలి."

రెండోదీ అలాగే నిర్దోషి అయింది. మూడోదాని పొగ తిన్నగా రాజు ముక్కుకే తగిలింది. పొద్దుటి నుంచి కడుపులో ఏమీ పడలేదేమో, ప్రాణం కొట్టుకుపోయింది. త్వరగా కానిమ్మని పండితుణ్ణి గదమాయించాడు. పాపం ఆయన కంగారుపడి 'అరివీరభయంకర' తరవాత ఏముందో మరిచిపోయి, నియమం ప్రకారం మళ్ళీ మొదటి బిరుదు అందుకున్నాడు. రాజు గుటకలు మింగుతూ పోలన దవడల కేసి చూస్తూ కూర్చున్నాడు.

గవరమ్మకు పొయ్యి మీద చూపు తప్ప వేరే ధ్యాస లేదు. అట్టు మడిచి గరిటె మీద పెట్టి, ఎదురుగా ఎవరున్నదీ చూడకుండా, రోజూ ఎవరికైనా అన్నట్టే అంది.

"చెయ్యి పట్టు బాబూ, చల్లారిపోద్ది."

రాజు చెయ్యి పట్టాడు. కాలుతున్న అట్టును ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంటూ, ఊదుకుంటూ నోట్లో పెట్టుకున్నాడు. అల్లం ఘాటుకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నమలడానికి కాసేపైనా పట్టలేదు. అది అయ్యేసరికి మళ్ళీ చెయ్యి పట్టాడు. గవరమ్మ మళ్ళీ పెట్టింది.

అప్పటికి పండితుడు చివరి బిరుదు చదివి, ఆయాసంతో చేతులు జోడించాడు.

"ప్రభువులు ఇక ఆరగించవచ్చు."

"ఇంకా ఆరగించేదేమిటయ్యా, తిన్నాను," అన్నాడు రాజు నోటి నిండా అట్టుతో.

పోలన పక్కనున్న చెంబు వంచుకుని మెల్లగా చెయ్యి కడుక్కున్నాడు. రాజు అతని కేసి చూసి, నెయ్యి కారుతున్న తన చెయ్యి కేసి చూసుకుని, తాను అన్న మాట గుర్తొచ్చి ఫక్కున నవ్వాడు. నవ్వీ నవ్వీ సింహాసనం మీద కూర్చోలేక లేచి నిలబడ్డాడు. జనం కూడా హమ్మయ్య అనుకుని నవ్వారు.

పొయ్యిలు ఆర్పించే ఆజ్ఞ అక్కడికక్కడే రద్దయింది. మోసమన్న మాట వెనక్కి తీసుకుంటున్నానని రాజు అందరూ వినేలా చెప్పి, గవరమ్మకు పట్టుచీర ఇప్పించాడు. ఇకమీదట బిరుదులు భోజనం అయ్యాకే చదవమన్నాడు. చేతికున్న బంగారు కడియం తీసి, నెయ్యి తుడిచి, పోలన చేతిలో పెట్టాడు.

"ఇది నీ తెలివికి బహుమానం. రేపటి నుంచి మాత్రం నువ్వు నా వెనక నిలబడు. విషం సంగతి నేనే చూసుకుంటాను."